కంకర దారుల వెలోసియో

తారు ఎరుగని ఫ్రెంచి పల్లెదారులపై నేటి యువకులు వెడల్పు టైర్ల సైకిళ్లతో విహరించుచున్నారు. వంద యేండ్ల క్రిందట అచ్చటి దారులు చాలవరకు కంకరయు దుమ్మునే. సామాన్యుడును వానిపై దూరయాత్ర చేయగలడని చాటినవాడు పాల్ ద వివీ. వెలోసియో అనునది ఆయన కలము పేరు.

ఆయన 1853లో దక్షిణ ఫ్రాన్సున పెర్న్ పట్టణమున జన్మించెను. సెయింట్ ఎతియెన్ నగరమున పట్టు వర్తకము చేసి, పిదప సైకిళ్ల వ్యాపారమున దిగి, 1887లో సైకిలు పత్రికను స్థాపించెను.

ఆ నగరము చుట్టును కొండలే. ఆనాటి సైకిలునకు ఒక్కటే గేరు. మైదానమున సుఖమే గాని, ఎక్కుడున కాళ్లు విరుగును. వెలోసియో రెండు పళ్లచక్రములు అమర్చి, దిగి చేతితో గొలుసు మార్చుకొని, 1161 మీటర్ల ఎత్తుగల రిపబ్లిక్ కనుమ నెక్కెడివాడు. తరువాత, త్రొక్కుచుండగనే గేరు మార్చు సాధనములకై పాటుపడెను.

టూర్ ద ఫ్రాన్సు పందెమును నెలకొల్పిన ఆన్రీ దెగ్రాంజ్‌కు ఇది రుచింపలేదు. గేర్లు వయసు మళ్లినవారికే తగునని ఆయన తలంపు. చిన్న గేరున బలము తక్కువ చాలును, త్రొక్కుడు మాత్రము ఎక్కువ. ఇది మన తరగతిలోని యంత్రపాఠమే. ఇందు అవమానమేమి?

యాత్రలో మద్యమాంసములు, పొగాకు కూడదనియు, ఆకలి కాకమునుపే తినవలెననియు, గొప్పకై త్రొక్కరాదనియు వెలోసియో బోధించెను. వార్ధక్యమునను దూరయాత్రలు మానలేదు.

1930లో తన నగరవీధిలోనే, సైకిలు చేతబట్టి నడచుచుండగా, ట్రాము తగిలి మరణించెను. టూర్ ద ఫ్రాన్సున గేరు మార్చు సాధనమునకు అనుమతి లభించినది 1937లో.