చెరసాలలో వెలసిన బడి

ఎలిజబెత్ ఫ్రై 1780లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో ఓ సంపన్న క్వేకర్ కుటుంబంలో పుట్టింది. 17 ఏళ్ల వయసులో విలియం సేవరీ అనే దైవజనుని ప్రసంగం విన్నాక ఆమె హృదయం ప్రభువు వైపు తిరిగింది. 1800లో జోసెఫ్ ఫ్రైని పెళ్లాడి లండన్ చేరింది. 11 మంది బిడ్డల తల్లి అయింది.

లండన్‌లోని న్యూగేట్ జైలులో స్త్రీల దుస్థితి గురించి విని, 1813లో ఆమె అక్కడికి వెళ్లింది. ఇరుకు గదుల్లో సుమారు 300 మంది స్త్రీలు, వారితోపాటు పసిబిడ్డలు. శిక్ష పడినవారూ, విచారణ జరగనివారూ ఒక్కచోటే ఉన్నారు. వంటా, పడకా అన్నీ అక్కడే. ఆమె పసివాళ్లకు బట్టలిచ్చి, రోగులకు పరుపుగా గడ్డి ఇప్పించి, ప్రార్థన చేసి వచ్చింది. ఆ తర్వాత కాన్పులు, కన్నకూతురి మరణం ఆమెను కొన్నేళ్లు ఇంటికే కట్టేశాయి. కానీ ఆ స్త్రీలను ఆమె మరచిపోలేదు.

మళ్లీ వెళ్లినప్పుడు ఆమె వాళ్లను గద్దించలేదు. బిడ్డల కోసం ఏం చేద్దామని ఆ తల్లులనే అడిగింది. బడి పెడదామంటే అంతా సంతోషంగా ఒప్పుకున్నారు. పంతులమ్మను కూడా వాళ్లే ఎన్నుకున్నారు. ఆమె పేరు మేరీ కానర్, గడియారం దొంగిలించి జైలుకొచ్చిన యువతి! ఇది సాగే పని కాదని అధికారులన్నారు. అయినా ఓ చిన్న గదిలో బడి మొదలైంది. తమకూ నేర్పమని పెద్దవాళ్లు బతిమాలారు. 1817లో ఫ్రై మరికొందరు స్త్రీలతో సంఘం ఏర్పాటు చేసి వారికి చదువు, కుట్టు, అల్లిక నేర్పించింది, రోజూ బైబిలు చదివి వినిపించింది. ప్రతి నియమాన్నీ ఖైదీలు చేతులెత్తి ఒప్పుకున్నాకే అమలు చేశారు. తిట్లూ కొట్లాటలూ తగ్గాయి.

1818లో పార్లమెంటు కమిటీ ఆమెను పిలిపించి ఆమె సాక్ష్యం విన్నది. స్త్రీ ఖైదీలకు స్త్రీలే కాపలా ఉండాలని, ఖైదీలకు చదువు చెప్పాలని 1823 నాటి జైళ్ల చట్టం నిర్దేశించింది. 1828లో భర్త బ్యాంకు దివాలా తీసింది, అవమానాలు ఎదురయ్యాయి. అయినా ఆమె జైళ్లను విడిచిపెట్టలేదు. 1845లో ప్రభువు సన్నిధికి చేరింది.

చెరసాలలో ఉన్నవారిని దర్శిస్తే తనను దర్శించినట్టేనని ప్రభువు చెప్పాడు. మనమూ క్రిస్మస్‌కు జైలుకెళ్లి పండ్లు పంచి వస్తాం. ఫ్రై కూడా మొదట బట్టలే పంచింది. కానీ న్యూగేట్‌ను మార్చింది ఆ బట్టలు కాదు. ఆమె తిరిగి వెళ్లడం, వారిని మనుషులుగా నమ్మి వారి చేతికి పుస్తకం ఇవ్వడం! లోకం దొంగగా చూసిన యువతిలో పంతులమ్మను చూడగల కళ్లను ప్రభువు మనకూ అనుగ్రహించును గాక!