కృష్ణకీ గోదావరికీ మధ్య ఎవరెస్ట్

లెటర్‌బాక్సింగ్ అని ఒక ఆట ఉంది. పేరు చూసి పోస్టాఫీసు అనుకోకండి. అడవిలోనో కొండ మీదో ఎవరో ఒక చిన్న డబ్బా దాచిపెడతారు. అందులో ఒక రబ్బరు ముద్ర, ఒక నోట్‌బుక్ ఉంటాయి. ఫలానా బండ దగ్గర నిలబడి, దిక్సూచిలో ఇన్ని డిగ్రీల వైపు ఇన్ని అడుగులు వెయ్యండి అని ఒక క్లూ ఇస్తారు. డబ్బా దొరికితే దాని ముద్ర మన పుస్తకంలో, మన ముద్ర దాని పుస్తకంలో వేసుకుని, దాన్ని మళ్ళీ అక్కడే దాచి వచ్చెయ్యాలి. 1854లో ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో జేమ్స్ పెరట్ అనే గైడు, అంత దూరం నడిచి వచ్చినవాళ్ళు తమ విజిటింగ్ కార్డు వేసి వెళ్ళడానికి ఒక సీసా పెట్టాడు. ఆట అక్కడ పుట్టింది. ఇప్పుడు సెలవులు పెట్టుకుని ఉత్తరాదిన ఉండే చలి అడవుల దాకా వెళ్ళి దీన్ని ఆడేవాళ్ళున్నారు.

ఈ ఆట పుట్టకముందే మన తెలుగు నేల మీద ఇలాంటి పని ఒకటి జరిగింది. కొండ కొండకీ ఎక్కి, కోణాలు చూసి, రాతి మీద ఒక గుర్తు చెక్కి వెళ్ళిపోవడం. అది ఆట కాదు, ప్రాణాలు తీసిన పని. అది చేసినవాళ్ళలో ఒకాయన పేరు ఈ మ్యాగజైన్ చదివే అందరికీ తెలుసు. ఆయన చేసిన పని మాత్రం చాలామందికి తెలీదు. ఆయనే జార్జ్ ఎవరెస్ట్.

ఎవరెస్ట్ 1790లో పుట్టాడు. పదహారేళ్ళ వయసులో, 1806లో, ఈస్టిండియా కంపెనీ ఫిరంగి దళంలో చేరడానికి మన దేశం వచ్చాడు. లెక్కల్లో దిట్ట. కొన్నాళ్ళు జావా దీవిలో సర్వే చేశాడు. 1818 చివర్లో ఆయన్ని హైదరాబాద్ పంపించారు, విలియం లాంబ్టన్ అనే పెద్దాయనకి సహాయకుడిగా. లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఒక గీత కొలవడం మొదలుపెట్టాడు. ఆ కొలత త్రిభుజం తర్వాత త్రిభుజంగా పెరుగుతూ కన్యాకుమారి నుంచి ఉత్తరానికి సాగుతోంది. దాన్నే గ్రేట్ ఆర్క్ అంటారు.

పద్ధతి మనకి తెలిసిందే. ఇంటర్‌లో చదివిన సైన్ రూల్ గుర్తుందా? త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ తెలిసిపోతాయి. ఆ భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. నేల మీద గొలుసు పెట్టి కొలవాల్సింది మొదటి భుజం ఒక్కటే. తర్వాతంతా కొండల మీద నిలబడి థియోడొలైట్‌తో కోణాలు చూడటమే. ఎక్కడ నిలబడి చూశారో అక్కడ రాతిలో ఒక చుక్క, దాని చుట్టూ ఒక వృత్తం చెక్కేవాళ్ళు. తర్వాత వచ్చేవాళ్ళు పరికరాన్ని సరిగ్గా ఆ చుక్క మీదే నిలబెట్టాలి. మన ప్రోగ్రాంలో మొదటి లైన్లో తప్పు విలువ ఇస్తే చివరి లైన్ దాకా అది ఎలా పాకుతుందో, ఇక్కడా అంతే. ఒక కొండ మీద దొర్లిన తప్పు తర్వాతి కొండలన్నిటికీ వెళ్తుంది.

1819లో లాంబ్టన్ ఎవరెస్ట్‌కి అప్పగించిన మొదటి పెద్ద పని కృష్ణకీ గోదావరికీ మధ్య ఉన్న ప్రాంతం. మా తిరువూరు ఉన్నది కూడా ఆ రెండు నదుల మధ్యే. విజయవాడలో భద్రాచలం బస్సు ఎక్కితే మైలవరం దాటాక మా ఊరు వస్తుంది. కృష్ణ ఒడ్డున బయల్దేరి గోదావరి ఒడ్డున దిగడానికి ఇప్పుడు ఒక పూట చాలు. ఆరోజుల్లో ఎవరెస్ట్ బృందానికి దొరికింది రోడ్డు కాదు, దట్టమైన అడవి. దాన్ని యెల్లాపురం అడవి అనేవారు. ఒక కొండ నుంచి ఇంకో కొండ కనిపించాలంటే ముందు శిఖరం మీద చెట్లన్నీ కొట్టాలి, అక్కడ జెండా పాతాలి, ఆ జెండా కనపడే దాకా ఇక్కడ కాచుకుని కూర్చోవాలి.

ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలంలో దుమ్ము, వేడి సెగ వల్ల దూరపు కొండ కనిపించదు. వాన పడి వెలిశాక గాలి కడిగినట్టు ఉంటుంది, అప్పుడు ఎంతో దూరం కనిపిస్తుంది. అందుకే సర్వే వానాకాలంలో జరిగేది. కానీ అడవిలో జ్వరాలు వచ్చేదీ అప్పుడే. దోమ వల్ల మలేరియా వస్తుందని అప్పటికి ఎవరికీ తెలీదు.

ఎవరెస్ట్ మెత్తటి మనిషి కాదు. రక్షణగా వచ్చిన నిజాం సైనికులు ఆ అడవిలో ఉండలేక ఎదురుతిరిగితే, తుపాకులు గురిపెట్టించి, ముందు నిలిచినవాళ్ళని కొరడాలతో కొట్టించాడు. పని ఆగలేదు. చివరికి జ్వరం ఆపింది. ఆయనా పడ్డాడు, ఆయన వెంట ఉన్న దాదాపు 150 మందీ వరసగా మంచానపడ్డారు. హైదరాబాద్ నుంచి లాంబ్టన్ ఏనుగులు, పల్లకీలు, డోలీలు పంపించి అందర్నీ మోయించుకొచ్చాడు. ఒక పదిహేను మంది మాత్రం బతకలేదు.

నేను ఆగిపోయింది ఈ పదిహేను దగ్గరే. ఎవరెస్ట్ జ్వరం గురించి పుస్తకాల్లో పేజీలున్నాయి. వీళ్ళకి మాత్రం ఒక అంకె మిగిలింది. చెట్లు కొట్టినవాళ్ళు, జెండా పట్టుకుని కొండెక్కినవాళ్ళు, సామాను మోసినవాళ్ళు, వీళ్ళు లేకపోతే ఒక్క కోణం కూడా వచ్చేది కాదు. డార్ట్‌మూర్ సీసాలో నడిచి వచ్చిన ప్రతివాడి పేరూ ఉంటుంది. మన కొండ మీద రాతిలో చుక్క ఉంటుంది, వృత్తం ఉంటుంది, అంతే.

ఎవరెస్ట్ 1820లో ఆరోగ్యం కోసం దక్షిణాఫ్రికాలోని కేప్‌కి వెళ్ళాడు. అక్కడా ఊరికే కూర్చోలేదు. లాకాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అంతకుముందు అక్కడ కొలిచిన గీతలో తేడా ఎందుకొచ్చిందో వెతికాడు. పక్కనున్న పర్వతాల ఆకర్షణకి తూకపు దారం ఒరిగి ఉండాలని తేల్చాడు. ఆయన తిరిగొచ్చాక 1823 జనవరిలో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. సర్వే భారం ఎవరెస్ట్ మీద పడింది. ఒళ్ళు సహకరించకపోయినా సిరోంజ్ దాకా పని లాక్కొచ్చి, 1825లో ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. 1830లో సర్వేయర్ జనరల్‌గా మళ్ళీ వచ్చాడు. గంగా మైదానంలో కొండలు లేవు కాబట్టి ఎత్తైన బురుజులు కట్టించాడు, రాత్రిపూట దీపాలు వెలిగించి కోణాలు చూశాడు. 1841 నాటికి కన్యాకుమారి నుంచి హిమాలయాల అంచు దాకా, సుమారు 2,400 కిలోమీటర్ల కొలత పూర్తయింది. 1843లో పదవీ విరమణ చేశాడు.

ఈ రెండో విడతలో ఆయన దగ్గర ఇద్దరు మనవాళ్ళున్నారు. ఒకరు ఆర్కాటుకి చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్. పాడైన పరికరాలని బాగుచెయ్యడంలో ఆయనంత నేర్పు ఎవరికీ లేదని ఎవరెస్టే పై అధికారులతో వాదించాడు. రెండోవాడు రాధానాథ్ సిక్దార్. 1831లో నెలకి 30 రూపాయల జీతం మీద చేరినప్పుడు అతనికి పందొమ్మిదేళ్ళు కూడా నిండలేదు, అంటే నాకంటే చిన్న. అతని ఉద్యోగం పేరు ఏంటో తెలుసా? కంప్యూటర్! అప్పట్లో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే మనిషి. మన బ్రాంచి పేరు ఒకప్పుడు ఒక కుర్రాడి హోదా అన్నమాట.

హిమాలయాల్లోని పదిహేనో నంబరు శిఖరం లెక్క 1852 ప్రాంతంలో తేలేనాటికి ప్రధాన కంప్యూటర్ సిక్దారే. 1856లో దాని ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు. ఎవరెస్ట్ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన ఆండ్రూ వా దానికి తన గురువు పేరు పెట్టాలన్నాడు. కొలిచింది ఎవరెస్ట్ కాదు, ఆయన అప్పటికే ఇంగ్లండ్‌లో ఉన్నాడు. పైగా స్థానికంగా జనం పిలిచే పేరే రాయాలన్నది ఆయన పెట్టిన పద్ధతి. తన పేరు హిందీలో రాయడానికీ, ఇక్కడివాళ్ళ నోటికీ కుదరదని ఆయన అభ్యంతరం కూడా చెప్పాడు. ఎవరూ వినలేదు. 1865లో ఆ పేరే ఖాయమైంది. మరుసటి ఏడాది డిసెంబర్ 1న ఆయన చనిపోయాడు.

తన పేరు విషయంలో ఆయన చెప్పింది నిజమే అయింది. ఆయన కుటుంబం ఈవ్‌రెస్ట్ అని పలికేది. ప్రపంచమంతా వేరేలా పలుకుతోంది. మన తెలుగులో అయితే రాసేటప్పుడు ముందు 'ఎవరు' అన్న మాట వచ్చేస్తుంది. నాకు అది తప్పుగా అనిపించదు. కొలిచింది ఎవరు, మోసింది ఎవరు, ఆ అడవిలో ఉండిపోయింది ఎవరు అని ఆ పేరే అడుగుతున్నట్టుంటుంది.

ఈసారి ట్రెక్కింగ్‌కి వెళ్ళినప్పుడు, ఏ కొండ మీదైనా బండ మీద చుక్క, చుట్టూ వృత్తం కనిపిస్తే దాన్ని గీకకండి, పక్కన మీ పేరు చెక్కకండి. ఒక్క నిమిషం కూర్చుని, దూరంగా ఇంకో కొండ కనిపిస్తుందేమో చూడండి.