క్యాషియరుగా మొదలైన మహాదర్శకుడు – కె.వి. రెడ్డి గారు



ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం గురించి రాయమని మన సంఘం కార్యదర్శి గారు కబురు చేశారు. నేను అల్లూరి సీతారామరాజు గారి గురించి రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. ఆ మహావీరుని సమాధి ఉన్న కృష్ణదేవిపేట మన గొలుగొండ మండలంలోనిదే గనుక అది సహజమే. కాని ఆయన గురించి మన పెద్దలు ఇదివరకే చాలాసార్లు చక్కగా రాశారు. నేను ముప్పయ్యారేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడిని. అందులో సగం కాలం క్యాష్ బుక్కు ముందే గడిచిపోయింది. అందుచేత క్యాషియరుగానే బతుకు మొదలుపెట్టి, తెలుగువారు తలుచుకోకుండా ఉండలేని సినిమాలు తీసిన ఒక పెద్దమనిషి గురించి రాయాలనిపించింది. ఆయనే కదిరి వెంకటరెడ్డి, అంటే మనమందరం ఎరిగిన కె.వి. రెడ్డి గారు.

ఆయన పేరు నాకు తెలియకముందే ఆయన సినిమా తెలుసు. నాకు ఎనిమిది తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్నగారు ఎడ్లబండి కట్టించి, మా ఇంటిల్లిపాదినీ టూరింగు టాకీసుకు తీసుకువెళ్ళారు. నేల టిక్కెట్టు, ఇసుకలో కూర్చోవడం, రీలు మార్చినప్పుడల్లా ఈలలు. ఆ సినిమా 'మాయాబజార్'. లడ్డూలు వాటంతటవే ఎగిరి ఎస్.వి. రంగారావు గారి నోట్లో పడుతుంటే మా నాయనమ్మ చేతులు జోడించి దండం పెట్టడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

కె.వి. రెడ్డి గారు 1912 జులై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. మద్రాసులో డిగ్రీ చదువుకున్నారు. ఆయన మిత్రుడు మూలా నారాయణస్వామి గారికి సినిమా వ్యాపారంలో భాగం ఉండేది. ఆ పరిచయంతోనే రెడ్డి గారు రోహిణీ సంస్థలో క్యాషియరుగా చేరారు. హెచ్.ఎం. రెడ్డి గారి 'గృహలక్ష్మి' (1938) తయారవుతున్నప్పుడు ఈయన చేతిలో ఉన్నది డబ్బు పెట్టె తాళాలే. తరువాత బి.ఎన్. రెడ్డి, నారాయణస్వామి గార్లు వాహినీ సంస్థ పెట్టినప్పుడు అందులోకి వచ్చి 'వందేమాతరం' (1939), 'సుమంగళి' (1940), 'దేవత' (1941) చిత్రాలకు ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేశారు. ఏ సెట్టుకు ఎన్ని మేకులు పట్టాయో, ఏ రోజున ఎన్ని అడుగుల ఫిల్ము ఖర్చయిందో లెక్క చూసుకోవలసిన ఉద్యోగమది. నా మటుకు నాకు ఆయన దర్శకత్వ విద్య అక్కడే నేర్చుకున్నారనిపిస్తుంది.

మొదటి అవకాశం 'భక్త పోతన'. పోతనగా నాగయ్య గారు. తీస్తూ ఉండగానే యుద్ధం ముంచుకొచ్చింది. 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్ళు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశారు. విశాఖ నుంచి జనం మూటాముల్లె సర్దుకుని మన పల్లెలకు వచ్చేసిన సంగతి మా నాన్నగారు కథలుగా చెప్పేవారు. మద్రాసూ అలాగే ఖాళీ అయింది. ఆ గందరగోళంలో షూటింగులు ఆగిపోయాయి. అంతటి గడ్డుకాలాన్ని దాటుకుని 1943లో జనం ముందుకు వచ్చిన పోతనకు మంచి ఆదరణ లభించింది. ఆ తరువాతి 'యోగి వేమన' (1947)ను రసజ్ఞులు మెచ్చుకున్నారు గాని డబ్బు రాలేదు. 1949లో షేక్‌స్పియరు లియర్ రాజు కథను మన జానపదంగా మార్చి 'గుణసుందరి కథ' తీశారు. హాస్యనటుడు కస్తూరి శివరావు గారిని అందులో కథానాయకుణ్ణి చేయడం ఆ రోజుల్లో చిన్న ధైర్యం కాదు. ఆ చిత్రంతోనే పింగళి నాగేంద్రరావు గారు ఆయనకు తోడయ్యారు. పింగళి వారు మన ఉత్తరాంధ్రలోని రాజాంలో పుట్టినవారని మనం గర్వంగా చెప్పుకోవచ్చు.

1951లో విజయా వారి 'పాతాళ భైరవి' వచ్చింది. తోటరాముడి వేషానికి మొదట అనుకున్నది అక్కినేని వారినట. ఒకనాడు రామారావు గారు టెన్నిసు ఆడుతూ, బంతి తప్పినందుకు కోపం వచ్చి మరో బంతిని బలంగా కొట్టడం చూసి కె.వి. రెడ్డి గారు మనసు మార్చుకున్నారని అంటారు. ఏది ఏమైనా ఆ చిత్రంతో రామారావు గారు తెలుగువారి ఇంటి మనిషి అయిపోయారు. 1952లో మనదేశంలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ఈ చిత్రాన్ని ప్రదర్శించారు.

ఆయన పనిచేసే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. ముందు స్క్రిప్టు పూర్తి కావాలి. పూర్తి అంటే ఆఖరి మాటతో సహా. తరువాత స్టాప్‌వాచీ పట్టుకుని ఒక్కొక్క సన్నివేశం చదివించి, ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకండ్లు పడుతుందో రాసుకునేవారు. సినిమా ఎంత పొడవు వస్తుందో కెమెరా తిరగకముందే ఆయనకు తెలిసేది. సెట్టు మీద ఎంత పెద్ద నటుడైనా ఒక మాట కలపడానికి గాని తీసేయడానికి గాని వీల్లేదు.

ఇది చదివినప్పుడల్లా నాకు నా పాత తప్పు ఒకటి గుర్తుకొస్తుంది. సర్వీసులో చేరిన కొత్తలో ఒక నెలాఖరున నగదులో 36 రూపాయలు తక్కువ వచ్చాయి. రాత్రి తొమ్మిది దాకా లాంతరు దగ్గర కూర్చుని కూడిందే కూడాను. పై అధికారి చూసే చూపులు ఒక పక్క, ఇంటి దగ్గర అన్నం పెట్టుకుని కూర్చున్న భార్య ఒక పక్క. చివరకు ఒక ముసలి యు.డి.సి. గారు వచ్చి, తేడా తొమ్మిదితో భాగింపబడుతోంది గనుక ఎక్కడో అంకెలు తారుమారు వేసి ఉంటానని చెప్పి వెళ్ళిపోయారు. వెదికితే నిజమే, చలానాలో 48 ఉంటే పుస్తకంలో 84 వేశాను. అప్పటినుంచి రాయబోయే ముందే రెండుసార్లు చూసుకోవడం అలవాటయింది. అలా ముందే చూసుకోవడాన్ని కె.వి. రెడ్డి గారు ఒక కళ చేశారు. లెక్క గట్టిగా ఉంటే కల్పన బిగుసుకుపోతుందనే వాళ్ళు ఆయన సినిమాలు చూస్తే చాలు.

1954లో వచ్చిన 'పెద్దమనుషులు' మన ఉద్యోగులందరూ చూడవలసిన చిత్రం. ఇబ్సెన్ నాటకం ఆధారంగా డి.వి. నరసరాజు గారు రాశారు. పైకి ధర్మప్రభువులా కనిపించే మునిసిపల్ చైర్మన్ చాటున చేసే ఘోరాలూ, ఊళ్ళో పిచ్చివాడిగా తిరిగే తిక్క శంకరయ్య ఒక్కడే ఉన్నమాట అనడమూ కథ. చైర్మనుగా గౌరీనాథశాస్త్రి గారు, శంకరయ్యగా రేలంగి గారు. అటువంటి చైర్మన్లు సంతకం పెట్టిన కాగితాలు మన చేతుల మీదుగా ఎన్ని వెళ్ళలేదు! ఆ చిత్రానికి రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. మరుసటి సంవత్సరం అన్నపూర్ణా వారి తొలి చిత్రం 'దొంగరాముడు'. ఈయనే దర్శకత్వం వహించాలని దుక్కిపాటి మధుసూదనరావు గారు ఓపికగా ఎదురుచూసి మరీ తీయించుకున్నారు.

ఇక 'మాయాబజార్'. వ్యాసభారతంలో లేని కథ. శశిరేఖా పరిణయం పేరుతో మన నాటకాలవాళ్ళు ఊరూరా ఆడుకున్నది. దాన్ని రెడ్డి గారు, పింగళి వారు నెలల తరబడి కూర్చుని చెక్కారు. రామారావు గారు కృష్ణుడి వేషానికి మొదట జంకారు. అంతకుముందు 'సొంతవూరు'లో ఆ వేషం జనానికి నచ్చలేదు. దర్శకుడు పట్టు వదలలేదు. కిరీటం దగ్గర నుంచి నడక దాకా జాగ్రత్తలు తీసుకుని వేయించారు. తరువాత ఆ వేషం మరొకరు వేస్తే మనకు ఆనని పరిస్థితి వచ్చింది. ద్వారకా నగరం కోసం గోఖలే, కళాధర్ గార్లు యాభై అడుగులకు అరవై అడుగుల జాగాలో సుమారు 300 బుల్లి ఇళ్ళు కట్టించారు. నౌకా విహారం పాటలో మార్కస్ బార్ట్‌లీ గారు చూపిన వెన్నెల చూసి, మా ఊరి చెరువు మీద అటువంటి వెన్నెల ఎందుకు రాదని చిన్నప్పుడు నేను బెంగపడ్డాను. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి గారు మీసం మెలేసినట్టు చేసే అభినయం గురించి వేరే వ్యాసమే రాయాలి. పింగళి వారు పుట్టించిన అసమదీయులు, తసమదీయులు అనే మాటలను మన యూనియన్ ఎన్నికల్లో కూడా వాడుకున్నాం.

ఖర్చు అంచనా చూసి నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ఒక దశలో ఈ చిత్రాన్ని మానుకుందామనుకున్నారు. ఆ పని జరగనందుకు మనం సంతోషించాలి. 1957 మార్చి 27న విడుదలయింది. మార్చి నెలాఖరు! ఆ రోజుల్లో మన గుమాస్తాలకు తల ఎత్తే తీరిక ఉండదు. అయినా మా పెదనాన్నగారు ఇయర్ ఎండింగు పని ఒదిలేసి విశాఖలో మొదటి వారమే చూశారట. దానికి మెమో కూడా అందుకున్నారు.

ఆ తరువాత సొంత సంస్థ జయంతీ పిక్చర్సు మీద 'పెళ్ళినాటి ప్రమాణాలు' (1958), 'శ్రీకృష్ణార్జున యుద్ధము' (1963), మధ్యలో విజయా వారికి 'జగదేకవీరుని కథ' (1961) తీశారు. అన్నీ బాగానే నడిచాయి. 1965లో 'సత్య హరిశ్చంద్ర' దెబ్బతిన్నది. విచిత్రం ఏమిటంటే అదే ఏడు రాజ్‌కుమార్ గారితో వచ్చిన కన్నడ హరిశ్చంద్ర ఘనవిజయం సాధించింది. 1968లో 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' అంతకన్నా పెద్ద దెబ్బ. జనం అభిరుచి మారిపోతూ ఉంది. వేగం, ఫైటింగులు, రంగులు కావాలంటున్నారు. ఈయన మాత్రం స్టాప్‌వాచీ తనదే, నడక తనదే అన్నట్టున్నారు. ఆయన మొండితనం కూడా కొంత ఉందని నా అభిప్రాయం. 'ఉమా చండీ' నేను రెండుసార్లు చూశాను. రెండోసారీ నచ్చలేదు.

అంతటి మనిషికి పని లేకుండా పోయింది. మనకు ఎంత కొంచెమైనా ఒకటో తారీఖున పెన్షను వస్తుంది. డి.ఎ. బకాయిల కోసం ధర్నాలు చేసుకుంటాం. సినిమా మనిషికి గ్రాట్యుటీ ఏది, కమ్యుటేషన్ ఏది? ఆఖరు సినిమా ఆడకపోతే అంతకుముందు ఆడిన పది సినిమాలూ ఎవరికీ గుర్తుండవు. అటువంటప్పుడు రామారావు గారు పాత గురువును మరచిపోకుండా పిలిచి తమ సొంత చిత్రం 'శ్రీకృష్ణ సత్య' దర్శకత్వం అప్పగించారు. సత్యభామగా జయలలిత గారు నటించిన ఆ చిత్రం 1971 డిసెంబరులో విడుదలయింది. తెలుగులో ఆయన దర్శకత్వం వహించిన 14 చిత్రాల్లో అదే చివరిది.

1972 సెప్టెంబరు 15న మద్రాసులో కన్నుమూశారు. అరవై ఏళ్ళు. ఆ ఏడే నేను ఎల్.డి.సి.గా చేరాను. ఆఫీసులో పేపరు చదువుతున్న అటెండరు ఆ వార్త చెబితే, సెక్షన్ మొత్తం కాసేపు కలాలు పక్కన పెట్టి 'మాయాబజార్' గురించే మాట్లాడుకున్నారు. ఆ డిసెంబరులో జై ఆంధ్ర సమ్మెలోకి దిగి జీతాలు లేక అల్లాడుతున్నప్పుడు కూడా, సాయంత్రాలు అరుగు మీద కూర్చుని ఆ సినిమా సంగతులే చెప్పుకున్నాం. డబ్బు ఖర్చు లేని కాలక్షేపం.

ఆయన దగ్గర సహాయకులుగా ఉన్న కమలాకర కామేశ్వరరావు, సింగీతం శ్రీనివాసరావు గార్లు తరువాత స్వయంగా గొప్ప దర్శకులయ్యారు.

నేను రిటైరైన రెండేళ్ళకు, 2010 జనవరిలో, 'మాయాబజార్'కు రంగులద్ది విడుదల చేశారు. విశాఖలో మా పెద్దమ్మాయి ఇంట్లో ఉండి మనవడిని తీసుకుని వెళ్ళాను. నాకు నలుపు తెలుపే బాగుందనిపించింది గాని, వాడు కదలకుండా చూశాడు. బయటికి వస్తుంటే పాండవులు ఎక్కడా కనిపించలేదేమని అడిగాడు. నేను నిలబడిపోయాను. నిజమే, అంత భారత కథలో పాండవులు ఒక్కరైనా తెర మీదికి రారు. ఏ ఇరవైసార్లో చూసినవాడిని, నాకెప్పుడూ తట్టలేదు. ఇంటికి వచ్చి మా ఆవిడకు ఈ సంగతి గొప్పగా చెబితే, అది తనకు చిన్నప్పటినుంచీ తెలుసునని అన్నది.