ముసహరీలో జేపీ

జేపీ అనగానే మనకి లోక్‌సత్తా జేపీ గుర్తొస్తారు. నేను చెప్పేది 1902లో బీహార్‌లో పుట్టిన లోక్‌నాయక్ జయప్రకాశ్ నారాయణ్ గురించి. అమెరికాలో చదువుతూ మార్క్సిస్టు అయ్యారు. 1942 దీపావళి రాత్రి హజారీబాగ్ జైలు గోడ దూకి, నేపాల్ చేరి, బ్రిటిష్ వాళ్ల మీద పోరాడటానికి కుర్రాళ్లకి ఆయుధ శిక్షణ ఇప్పించారు. అంటే తుపాకీ పట్టే ఆవేశం ఎలా ఉంటుందో ఆయనకి స్వయంగా తెలుసు.

తర్వాత ఆ దారి వదిలేశారు. 1951లో మన పోచంపల్లిలో వినోబా మొదలుపెట్టిన భూదాన ఉద్యమానికి 1954లో జీవితాన్నే అంకితం చేశారు.

1970లో బీహార్‌లోని ముసహరీలో సర్వోదయ కార్యకర్తల్ని చంపుతామని నక్సలైట్ల నుంచి బెదిరింపులొచ్చాయి. 67 ఏళ్ల జేపీ అక్కడికే వెళ్లి మకాం పెట్టారు. ఊరూరా తిరిగితే భూసంస్కరణ చట్టాలు కాగితాల మీదే కనిపించాయి. దానంగా రాసిచ్చిన భూమి కూడా చాలామంది పేదలకి అందలేదు. హింసను ఆయన సమర్థించలేదు, కానీ కుర్రాళ్లని అటు నెడుతున్నది ఈ అన్యాయమేనని చెప్పారు. భూమి పంపకం, గ్రామసభల పనిలో దిగారు.

1975లో అంతర్గత భద్రత పేరుతో ఎమర్జెన్సీ వచ్చింది. ఆయన్నే విచారణ లేకుండా నిర్బంధించారు. కిడ్నీలు పాడై బయటికొచ్చాక, 1976లో పౌరహక్కుల సంఘం పెట్టారు. 1979లో చనిపోయారు.

నాకైతే ముసహరీ, పౌరహక్కుల సంఘం రెండూ ఒకే పనిలా అనిపిస్తాయి. ఇప్పుడు తీవ్రవాదుల రిక్రూట్‌మెంట్ ఫోన్‌లోకి వచ్చేసింది. అనుమానితుల్ని పట్టే సాఫ్ట్‌వేర్ రేపు మన బ్యాచ్‌లోనే ఎవరో రాస్తారు. ఆ కోడ్‌కి ఎవరు దొరుకుతున్నారో కనిపిస్తుంది, వాళ్లెందుకు అటు వెళ్లారో కనిపించదు. అది తెలుసుకోవాలంటే జేపీలా ఊళ్లోకి వెళ్లాల్సిందే.