తిరిగిరాని సుబ్బారావు

మా ఫిల్మ్‌నగర్ పిల్లలకి హీరోల పేర్లన్నీ కంఠతా వచ్చు. పక్కింటి పాపకి రక్త క్యాన్సర్ వచ్చినప్పుడు వాడిన మెథోట్రెక్సేట్ మాత్ర వెనకున్న తెలుగువాడి పేరు మాత్రం మా పెద్దవాళ్లకే తెలీదు.

ఆయన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి, 1920ల మొదట్లో అమెరికా చేరారు. ఎముక మూలుగలో రక్తకణాలు తయారవ్వాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో దాన్ని తయారుచేసింది. అచ్చం దానిలాగే కనిపించే అమినోప్టెరిన్ క్యాన్సర్ కణాల్ని పెరగనివ్వదు. 1948 నాటికి బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ దాంతో కొందరు పిల్లల జబ్బుని కొంతకాలం అదుపుచేశారు. మెథోట్రెక్సేట్ దాని తోబుట్టువే.

ఆ ఏడే, 53వ ఏట సుబ్బారావు అక్కడే కన్నుమూశారు. మళ్లీ ఇల్లు చేరనేలేదు. ఇప్పుడు పాప బడికెళుతుంటే నాకు ముందు శేషగిరిగారే గుర్తొస్తారు.