ఎందుకు రాశారు? - సురవరం ప్రతాపరెడ్డి జీవితం నేర్పిన పాఠం

దాదాపు నలభై ఏళ్ల కిందట బెజ్జంకిలో మా తెలుగు సారు పాఠం పూర్తికాగానే పుస్తకం మూయించేవారు. పాఠంలో ఏముందో చెబితే చాలదు, రచయిత దాన్ని ఎందుకు రాశాడో చెప్పాలనేవారు. మేం తలలు వంచుకుంటే, ఆయనే సురవరం ప్రతాపరెడ్డి గారి సంగతి ఎత్తుకునేవారు. స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడగగానే నాకు ఆ జీవితమే గుర్తొచ్చింది.

ప్రతాపరెడ్డి గారు 1896 మే 28న పుట్టారు. స్వగ్రామం నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని ఇటిక్యాలపాడు. కర్నూలులో, మద్రాసులో చదివి న్యాయశాస్త్ర పట్టా పొందారు. వకీలుగా స్థిరపడగలిగినా ఆయన మనసు తెలుగు మీదే ఉంది. హైదరాబాదులో రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూస్తూ విద్యార్థులకు చదువు మీద, గ్రంథాలయాల మీద ఆసక్తి కలిగించారు.

అప్పుడు రాజ్యంలో మిగతా భాషలకన్నా ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, కానీ బడిలో, కచేరీలో నడిచేది ఉర్దూ. అలాంటి రోజుల్లో 1926లో ఆయన గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు వచ్చే ఆ పత్రిక పల్లెల కష్టాలను, అధికారుల ఆగడాలను రాసేది. సర్కారుకు కోపం వచ్చింది. సంపాదకీయాలు ముందుగా చూపించి, అనుమతి తీసుకున్నాకే అచ్చువేయాలని ఆంక్ష పెట్టింది. ఆయన గొడవకు దిగలేదు. సంపాదకీయం ఉండాల్సిన చోట ప్రపంచంలోని గొప్పవారి సూక్తులు ఏరి అచ్చువేశారు.

మా సారు ఇక్కడే ఆగేవారు. సూక్తి ఎవరో ఎప్పుడో అన్నది. దాన్ని ఈ రోజున, ఈ చోట ఎందుకు పెట్టారన్నదే అసలు విషయం. మాట రాసినవారి ఉద్దేశం ఒకటి, దాన్ని ఎంచి మన ముందుంచినవారి ఉద్దేశం ఇంకొకటి. ఆ రెండూ పట్టుకున్నవాడే చదువరి అని మాకు అర్థమయ్యేలా చెప్పేవారు.

1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజామాంధ్ర మహాసభకు ప్రతాపరెడ్డి గారే అధ్యక్షులు. ఆ కాలంలోనే తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట ఒకటి అచ్చులో వచ్చింది. ఆయన దానికి తిట్టుతో జవాబివ్వలేదు. ఊరూరి నుంచి వివరాలు, పద్యాలు సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ఉత్త పద్యాల సంకలనంగా చదివితే అది ఒక పుస్తకం, ఎందుకు వచ్చిందో తెలిసి చదివితే ఒక జాతి ఇచ్చిన జవాబు. మొగలాయి కథలు కూడా అంతే. పైకి నవ్వించే కథలు, లోపల నిజాం పాలన మీద చురకలు.

1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఆయన చదువు లోతు కనిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడు భక్తిని చాటడానికి రాశాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదను విష్ణుభక్తితో రాశాడు. ప్రతాపరెడ్డి గారు ఆ ఉద్దేశాలను గౌరవిస్తూనే, కవులు దారిలో చెప్పిన తిండి, బట్ట, ఆటలు, నమ్మకాలను ఏరి సామాన్యుల చరిత్ర అల్లారు. రాజుల చరిత్రలు చాలానే ఉన్నాయి, ప్రజల చరిత్ర కావాలన్నది ఆయన ఉద్దేశం.

1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచారు. 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ సాంఘిక చరిత్రకే వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు. ఇప్పుడు మన తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

ఇంజనీరుగా కొత్తగా చేరినప్పుడు నాకొక ఉత్తరం వచ్చింది. అంకెలన్నీ సరిచూసి, అంతా బాగుందని సంతకం పెట్టాను. పని ఆలస్యానికి నింద మా మీదికి తోయడానికే అది రాశారని నెలల తర్వాత తెలిసింది. సారు ప్రశ్న ఆ రోజు మరిచిపోయిన ఫలితమది. ఇప్పుడు ఫోనులో వచ్చే ప్రతి సందేశాన్నీ నిజమా కాదా అనడానికి ముందు, ఎవరు, ఎందుకు పంపారని అడుగుతున్నాను.

నేటి తెలుగు వాచకాల్లో పాఠం ఉద్దేశం ముందే అచ్చువేసి ఉంటుంది. పిల్లలు పరీక్ష కోసం దాన్ని బట్టీ పడుతున్నారు. ఉపాధ్యాయ మిత్రులకు నాదొక మనవి. ఆ నాలుగు వరుసలు మొదట చేత్తో మూయించండి. పాఠం చదివించి, ఎందుకు రాశారో పిల్లలనే చెప్పనివ్వండి. తర్వాత చెయ్యి తీసి పోల్చి చూడమనండి. తప్పు చెప్పినా పరవాలేదు, పాఠంలో ఏ మాట చూసి అలా అనుకున్నారో చెబితే చాలు. మా సారు మమ్మల్ని కోరిందీ అంతే.