మరిగే రాయికి పేరు పెట్టిన శాస్త్రజ్ఞుడు – క్రాన్‌స్టెట్

ప్రకృతి తన రహస్యాలను ఓర్పుగలవారికే వెల్లడిస్తుంది. అట్టి ఓర్పుకు నిలువెత్తు నిదర్శనం ఆక్సెల్ ఫ్రెడ్రిక్ క్రాన్‌స్టెట్ జీవితం.

ఆయన 1722లో స్వీడన్ దేశంలో ఒక సైనికాధికారి కుమారునిగా జన్మించారు. ఉప్సలా విశ్వవిద్యాలయంలో వాలేరియస్ వద్ద ఖనిజ శాస్త్రాన్ని అభ్యసించి, గనుల శాఖలో ఉద్యోగిగా చేరారు. రాగి ఖనిజాన్ని పోలియుండీ రాగిని ఇవ్వని ఒక రాతిని జర్మన్ గని కార్మికులు దయ్యపు రాగి అని నిందించేవారు. అటువంటి ఖనిజాన్ని పరిశోధించిన క్రాన్‌స్టెట్ 1751లో అందుండి ఒక కొత్త లోహాన్ని వేరుచేసి, 1754లో దానికి నికెల్ అని నామకరణం చేశారు. అది కొత్త లోహం కాదు, పాత లోహాల మిశ్రమమేనని కొందరు పండితులు వాదించారు. 1775లో బెర్గ్‌మన్ మరింత శుద్ధమైన నికెల్‌ను తయారుచేసి క్రాన్‌స్టెట్ మాటే సత్యమని నిరూపించారు. కాని ఆ తీర్పు వినడానికి ఆయన జీవించి లేరు.

1756లో ఆయన మరొక ఖనిజాన్ని ఊదుగొట్టంతో జ్వాలలో వేడిచేయగా అది నీరు మరిగినట్లు పొంగి నురగ కట్టింది. గ్రీకు భాషలో మరుగుట, రాయి అనే అర్థాలుగల పదాలను కలిపి దానికి జియోలైట్ అని పేరు పెట్టారు.

ఆ పొంగుకు కారణం కాలక్రమేణా తెలిసింది. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ పరమాణువుల చట్రంలో కంటికి కానరాని గదులు, దారులు ఉంటాయి. వాటిలో నీటి అణువులు నివసిస్తాయి. వేడికి నీరు ఆవిరై వెడలిపోయినా చట్రం కూలదు. ఖాళీ అయిన గదుల లోగోడలు వాయువులను, ఆవిరులను ఆకర్షించి పట్టి ఉంచుతాయి. దీనినే అధిశోషణం అంటారు. ద్వారంలో పట్టే చిన్న అణువులు లోనికి ప్రవేశిస్తాయి. పెద్దవి వెలుపలనే నిలిచిపోతాయి. కనుకనే 1932లో మెక్‌బెయిన్ ఇట్టి పదార్థాలను అణు జల్లెడలని పేర్కొన్నారు. చట్రంలోని సోడియం, కాల్షియం వంటి ధనావేశ అయాన్లు నీటి అణువులను గాఢంగా ఆకర్షించడం వల్ల జియోలైట్లు తేమను చక్కగా గ్రహిస్తాయి. అవి ఆక్సిజన్ కంటె నైట్రోజన్‌ను ఎక్కువగా పట్టుకుంటాయి. ఆసుపత్రులలో గాలి నుండి ఆక్సిజన్‌ను సాంద్రపరచే యంత్రాలకు ఆధారం ఈ గుణమే. వేడిచేసినా, పీడనం తగ్గించినా పట్టుకున్నదానిని విడిచిపెట్టి, అవి మరల పనికి సిద్ధమవుతాయి.

మహారాష్ట్రలోని పుణె, నాసిక్ ప్రాంతాల నల్లరాతి పొరల నడుమ లభించే అందమైన జియోలైట్ స్ఫటికాలు నేడు లోకప్రసిద్ధాలు.

ఖనిజాలను బాహ్యరూపాన్ని బట్టి కాక రసాయన స్వభావాన్ని బట్టి వర్గీకరించాలని ప్రతిపాదించిన తన గ్రంథాన్ని క్రాన్‌స్టెట్ 1758లో పేరు ప్రకటించకుండా వెలువరించారు. 1765లో నలుబది రెండేండ్ల వయస్సులోనే పరమపదించారు. కీర్తిని కోరక సత్యాన్నే కోరిన ఆ మహనీయుని జీవితం విద్యార్థిలోకానికి సదా ఆదర్శప్రాయం.